ఎవరూ కొట్టని రెండు

నేను రాసిన మొట్టమొదటి పనికొచ్చే ప్రోగ్రామ్ ఒక రైతు బిల్లు మీద 30-12-1899 అని తేదీ వేసింది. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో వేసుకుని బయల్దేరుతుంటే మా మామ కంట్లో పడింది. "అల్లుడా, గీయిన పసుపు నిజాం సర్కారు కాలంల అమ్మిండా ఏంది?" అన్నాడు. నిజమే, ఆ తేదీకి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గద్దె మీద ఉన్నాడు, నిజామాబాద్ ఇంకా ఇందూరే. దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. అది మంచి తప్పు. చూడగానే తెలిసిపోయింది. నేను చెప్పాలనుకుంటున్నది అదే ప్రోగ్రామ్‌లోని ఇంకో తప్పు గురించి, నెలన్నర పాటు ఎవరికీ కనపడని దాని గురించి.

2010 సంక్రాంతి సెలవులు. ఇంజనీరింగ్ చివరి ఏడు. మాది ముప్కాల్. అప్పటికింకా మండలం కాలేదు, బాల్కొండ మండలంలో ఒక ఊరు. ఆర్మూర్ నుంచి నిర్మల్ వైపు హైవే మీద పోతుంటే వస్తుంది. పసుపు సీజన్‌లో ఆ దారిలో బస్సు కిటికీ తీస్తే చాలు, ఉడుకుతున్న పసుపు వాసన మొహానికి కొడుతుంది. జూన్‌లో పెట్టిన పంట ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. తవ్వి, ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ చేస్తేగానీ సంచిలోకి ఎక్కదు. ఏడాదిలో ముప్పాతిక వంతు ఒక్క అమ్మకం కోసం ఎదురుచూడటమన్నమాట.

మా మామ ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. సేటు కొత్తగా కంప్యూటర్ కొన్నాడు. దానితో ఏం చెయ్యాలో ఎవరికీ తెలీక, చదువుకునే అల్లుడు ఉన్నాడు కదా అని నన్ను కూర్చోబెట్టారు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఒక టేబుల్, దాని మీద ఒక ఫారం చేశాను. తేదీ, రైతు పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, సరుకు కొమ్మా మండా, సంచులెన్ని, తూకం, కడ్తా, ధర, హమాలీ, కమీషన్. సిటీలో పెరిగినవాళ్ళ కోసం: కడ్తా అంటే సంచి బరువనీ, తేమనీ, మట్టనీ చెప్పి తూకంలోంచి కోసేసే కిలోలు. ఆ దుకాణంలో సంచికి ఒక కిలో మామూలు. సరుకు పచ్చిగా ఉంటే రెండు.

రెండ్రోజులయ్యాక మామ విసుక్కున్నాడు. "గదే తారీఖు, గదే ఊరు, ఎన్నిసార్లు కొట్టాలె రా? చేతిరాతనే నయముండె." న్యాయమైన ఫిర్యాదే. పుస్తకం తిరగేస్తే దీనికో చిట్కా దొరికింది. ఫారంలో ప్రతి గడికీ డీఫాల్ట్ వాల్యూ అని ఒక లక్షణం ఉంటుంది. కొత్త రికార్డు తెరవగానే ఆ గడిలో అదే కనిపిస్తుంది. దాన్ని ముందే రాసి పెట్టెయ్యొచ్చు, లేదా కోడ్‌తో అప్పటికప్పుడు మార్చొచ్చు. గడిలో ఏదైనా కొట్టి బయటికి రాగానే ఆఫ్టర్ అప్‌డేట్ అనే ఈవెంట్ నడుస్తుంది. అందులో ఒక్క లైను రాస్తే చాలు: ఇప్పుడు ఈ గడిలో ఏముందో, తర్వాతి కొత్త రికార్డుకి అదే డీఫాల్ట్. పాత రికార్డులు కదలవు. ఫారం మూసేస్తే ఆ మార్పు పోతుంది, పొద్దున తెరిస్తే మళ్ళీ మొదటికి.

1899 సంగతి ఇక్కడిదే. ఆ విలువని యాక్సెస్‌కి కోట్స్ మధ్య అక్షరాలుగా ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. దాంతో 18/1/2010ని అది తేదీ అనుకోలేదు, భాగహారం అనుకుంది. పద్దెనిమిదిని ఒకటితో, దాన్ని 2010తో భాగిస్తే దాదాపు సున్నా. యాక్సెస్ క్యాలెండర్లో సున్నా అంటే 1899 డిసెంబర్ 30. కోట్స్ పెట్టాను, సరిపోయింది. ఆ ఉత్సాహంలో ఒక లూప్ తిప్పి అన్ని గడులకూ ఆ లైను తగిలించేశాను. తేదీకి, ఊరికి, సరుకుకి, ధరకి, కడ్తాకి. ప్రోగ్రామ్ దృష్టిలో అవన్నీ గడులే. నా దృష్టిలోనూ అంతే. పొద్దున్నే కడ్తా గడిలో 1 ఉండేట్టు పెట్టి, కాలేజీకి వెళ్ళిపోయాను.

హోలీకి ఇంటికొచ్చినప్పుడు దుకాణానికి వెళ్ళాను, మెచ్చుకుంటారని. మామ నిజంగానే మెచ్చుకున్నాడు. నేనక్కడ ఉండగానే పక్క ఊరినుంచి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మూడు రోజుల కిందటి బిల్లు చేతిలో ఉంది. 14 సంచులు, సంచికి 2 కిలోల కడ్తా.

"అన్నా, నా కొమ్ము ఇరిస్తె టన్నుమన్నది, నువ్వు గూడ ఇన్నవ్. మల్ల రెండేసి కిలోలు ఎందుకు కోసిన్రు?"

పసుపు బాగా ఎండిందో లేదో చూడటానికి మా దగ్గర మీటరు అక్కర్లేదు. కొమ్ము విరిస్తే లోహం తగిలినట్టు మోగాలి. మామ రిజిస్టర్ చూసుకున్నాడు. ఆమె కంటే ముందొచ్చిన లాటు పచ్చిది. దానికి మామే 2 కొట్టాడు. ఈమెకి ఏమీ కొట్టలేదు.

"నేను రెండు కొట్టలేదక్కా. కంప్యూటర్ల అట్లనే వచ్చింది."

"కొట్టకుంటె ఎట్లొస్తది?"

ఆ ప్రశ్న నాకు వేసింది కాదు, ఆమెకి నేనెవరో కూడా తెలీదు. కానీ అక్కడ దానికి జవాబు తెలిసింది నా ఒక్కడికే. ఆమె ముందు నిలబడ్డ ముక్కూ మొహం తెలీని మనిషి సరుకులోని తేమ ఆమె సరుకులోకి వచ్చేలా నేను ఒక లైను రాశాను.

సేటు పెద్దగా వాదించలేదు. కంప్యూటర్ తప్పు అని 14 కిలోల డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాడు. ఆమె వెళ్ళాక, మిగతావాళ్ళకి కూడా ఇలా జరిగుంటుందేమో అన్నాను. "ఎవ్వలన్న అడిగిన్రా? అడగలేదంటె ఒప్పుకున్నట్టే" అన్నాడు.

ఆ రాత్రి టేబుల్ తెరిచి కూర్చున్నాను. ప్రతి రోజూ పొద్దున 1తో మొదలవుతోంది. ఎక్కడో ఒక 2 పడుతోంది. ఆ తర్వాత 2, 2, 2, 2, దుకాణం కట్టేసేదాకా. కొన్ని రోజుల్లో మధ్యలో మళ్ళీ 1కి తిరిగింది, చాలా రోజుల్లో తిరగలేదు. ఇందులో ఏ 2 పచ్చి సరుకుది, ఏ 2 నాది? చెప్పలేం. మామ ఆలోచించి కొట్టిన 2కీ, ఎవరూ కొట్టకుండా వచ్చిన 2కీ డేటాబేస్‌లో ఇసుమంతైనా తేడా లేదు. తప్పు జరిగిందని తెలుసు. ఎవరికి జరిగిందో కనుక్కునే దారిని కూడా ఆ తప్పే మూసేసింది.

ఇంకోటి కూడా అప్పుడు గమనించాను, ఇప్పటికీ నన్ను వదలనిది అదే. నా లైను ఇద్దరికీ సమానంగానే నష్టం చెయ్యాలి. పచ్చి సరుకు తర్వాత ఎండు సరుకు వస్తే రైతుకి నష్టం. ఎండు తర్వాత పచ్చిది వస్తే గడిలో 1 ఉండిపోయి సేటుకి నష్టం. కోడ్‌లో పక్షపాతం లేదు. కానీ రెండో రకం తప్పు ఒక్కసారి కూడా నిలబడలేదు. గడిలో ఒకటి ఉండి, ఎదురుగా పచ్చి పసుపు కనిపిస్తే మామ వేలు దానంతట అదే రెండు మీదకి వెళ్తుంది, అతని ఉద్యోగమే అది. గడిలో రెండు ఉండి ఎదురుగా ఎండు పసుపు ఉంటే ఆ వేలు ఆగిపోతుంది. మామ మోసగాడు కాదు. ముందే నిండి ఉన్న గడి అతన్ని ఏమీ అడగలేదు, అంతే. కీబోర్డు దగ్గర కూర్చున్నవాడిని బాధపెట్టే డీఫాల్ట్ గంటలో సరవుతుంది. కౌంటర్‌కి అవతల నిలబడ్డవాళ్ళని బాధపెట్టేది ఎవరో మూడు రోజులాగి బిల్లు పట్టుకుని వచ్చేదాకా బతుకుతుంది.

సేటు మాటలో ఒక పాత మాట దాక్కుని ఉంది. మౌనం అర్ధాంగీకారం. చిన్నప్పటినుంచి వింటున్నా ఆ 'అర్ధ' గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ మాట అన్నవాళ్ళు జాగ్రత్తపరులు. సగం అన్నారు, పూర్తి అనలేదు. మిగతా సగం కోసం ఇంకోసారి అడగాలన్నమాట. మనం రాసే ఫారాలకి ఆ సగం తెలీదు. గడిలో సగం ఒప్పుకోలు నిల్వ చేసే డేటాటైప్ ఏదీ ఇంతవరకు నాకు తగల్లేదు.

డీఫాల్ట్‌కి తెలుగు మాట కోసం చాలామంది తంటాలు పడ్డారు. అప్రమేయం అన్నారు, అది డిక్షనరీల్లో ఉండిపోయింది. ఇంగ్లీషు మాటేమో పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది, లోపం, తప్పిపోవడం అని అర్థం. ఊళ్ళల్లో ఆ మాట తెలియక కాదు. బ్యాంకు గోడ మీద అంటించిన లిస్టులో డిఫాల్టర్ అంటే ఎవరో మా ఊళ్ళో అందరికీ తెలుసు. అప్పు కట్టనివాడి మౌనం అతని నేరం, ఫారం నింపనివాడి మౌనం అతని అంగీకారం. రెండిట్లోనూ నోరు విప్పనివాడికే చేటు. నన్నడిగితే డీఫాల్ట్‌కి సరైన తెలుగు మాట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది: మామూలు. అరబ్బీలో జరుగుతూ ఉన్నది, ఆనవాయితీ అని. మామూలుగా ఇంతే, మామూలు రేటే, మామూలు కడ్తా. దాన్నే బహువచనంలో పెట్టి మామూళ్ళు అంటే లంచాలు. ఒక పద్ధతి అడక్కుండా నడవడం మొదలయ్యాక దానిమీద ఎవరు బతుకుతారో ఆ బహువచనానికి తెలుసు.

ఇదంతా ఒక దుకాణం గొడవలా అనిపిస్తే మా నాయనమ్మ పుట్టినరోజు చెప్తాను. ప్రతి జనవరి 1న బ్యాంకు నుంచి ఆమెకి హ్యాపీ బర్త్‌డే మెసేజ్ వస్తుంది. ఆమె పుట్టింది పోలీస్ యాక్షన్ అయిన ఏడు, బతుకమ్మ ఆడే రోజుల్లో. అంటే 1948 అక్టోబర్. ఆ లెక్క ఆమెకి ఎప్పుడూ తప్పలేదు. ఆధార్ కోసం వెళ్ళినప్పుడు పుట్టిన తేదీ కాగితం లేదు కాబట్టి మొదట్లో వచ్చిన కార్డు మీద పుట్టిన సంవత్సరం మాత్రమే వేశారు. అది నిజాయితీ గల కార్డు, తనకి తెలిసినంతే చెప్పింది. ఆధార్ ఫారంలో పుట్టిన తేదీ పక్కన అది రుజువు చూపించిందా, నోటితో చెప్పిందా, ఉజ్జాయింపా అని గుర్తు పెట్టే ఏర్పాటు కూడా ఉంది. ఇలాంటి గడి పెట్టిన ఇంజనీరు ఎవరో గానీ నాకు చాలా గౌరవం. కానీ ఆ కార్డు పట్టుకుని బ్యాంకుకి వెళ్తే అక్కడి తేదీ గడి సంవత్సరాన్ని ఒక్కదాన్నీ తీసుకోదు. రోజూ నెలా కావాల్సిందే. ఎవరో 01-01 అని కొట్టారు, లేదా అదే వచ్చింది. మా ఊళ్ళో ఆమె వయసువాళ్ళలో సగం మంది జనవరి 1నే పుట్టారు. ఆమె పిల్లల తరానిది జూన్ నెల, బడిలో చేర్చుకునేటప్పుడు సార్లు వేసిన తారీఖు. దుబాయికి పోయినవాళ్ళ పాస్‌పోర్టుల్లోకి కూడా ఆ తారీఖులే ఎక్కాయి.

ఈ కథలో తెలియనిది నాయనమ్మకి కాదు. ఆమెకి తెలిసినదానికి గడి లేదు. 'పోలీస్ యాక్షన్ ఏడు, బతుకమ్మకి' అన్నది ఏ చరిత్రకారుడైనా సంతోషంగా తీసుకునే సాక్ష్యం. ఫారం దాన్ని ఖాళీగా లెక్కేసి, ఆ ఖాళీని తనే నింపేసింది.

అయితే ఖాళీగా వదిలెయ్యడమే ధర్మమా? కొన్నేళ్ళు అలాగే నమ్మాను. తెలీకపోతే తెలీదని రాయాలి, ప్రోగ్రామర్లకి దానికోసం నల్ అనే పవిత్రమైన వస్తువు ఉంది. తర్వాత డాలస్‌లో ఉన్న మా క్లాస్‌మేట్ సంగతి తెలిసింది. అతని పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు కలిపి ఒకే గడిలో పడ్డాయి, రెండో గడి ఖాళీ. అలాంటప్పుడు అమెరికా వీసా మీద పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. మొదటి పేరు తెలీదు అని దాని పొడుగు రూపం. తెలీదని నిజాయితీగా రాసిన గుర్తే. కానీ అది డ్రైవింగ్ లైసెన్సుకి ఎక్కింది, అక్కణ్ణుంచి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడు ఆస్పత్రిలో నర్సు తలుపు తీసి "ఫ్నూ?" అని పిలుస్తుంది, మనవాడు లేచి వెళ్తాడు. ఖాళీని చూపించడానికి పెట్టిన గుర్తు కూడా నాలుగు టేబుళ్ళు దాటేసరికి పేరైపోతుంది. ఖాళీ వదలనివ్వకుండా తప్పనిసరి చేసినా లాభం లేదు. ఫోన్ నంబర్ తప్పనిసరి చేసిన ఏ డేటాబేస్‌లోనైనా చూడండి, వరసగా పది తొమ్మిదులు ఉన్న మనుషులు డజన్ల కొద్దీ కనిపిస్తారు.

డీఫాల్ట్‌ల మీద ఏది చదివినా అవయవదానం ఉదాహరణ తప్పదు. ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ 2003లో సైన్స్ పత్రికలో రాసింది. జర్మనీలో దానానికి ఒప్పుకున్నట్టు లెక్కకొచ్చేవాళ్ళు 12 శాతం, పక్కనే ఆస్ట్రియాలో 99.98 శాతం. జర్మనీలో ఇస్తానని చెప్పాలి, ఆస్ట్రియాలో ఇవ్వనని చెప్పాలి, తేడా అదే. దీన్నుంచి అందరూ తీసుకునే పాఠం, మంచి డీఫాల్ట్ పెట్టండి ప్రాణాలు నిలుస్తాయి అని. కాదనను. కానీ ఆ 99.98ని నేను నా టేబుల్‌లోని 2ల వరుసలాగే చదువుతాను. అందులో ఎంతమంది ఇస్తామనుకున్నారో, ఎంతమంది ఏమీ అనుకోలేదో ఆ అంకె చెప్పదు. దాత కుటుంబం దగ్గరికి వెళ్ళి కూర్చోవాల్సిన డాక్టరుకి కావాల్సింది సరిగ్గా ఆ తేడానే.

మళ్ళీ ముప్కాల్‌కి వస్తాను. 14 సంచుల ఆమె కౌలుదారు. ఆ రోజుల్లో పహాణీలో పట్టాదారుకి ఒక గడి, అనుభవదారుకి ఒక గడి ఉండేవి. భూమి ఎవరిదో ఒకటి చెప్తుంది, దున్నుతున్నది ఎవరో ఇంకోటి. ఆ రెండో గడిలో పేరు రాయించుకోడానికి, తీయించడానికి ఎంత పైరవీ నడిచేదో ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తగాదాలన్నీ అందులోంచే పుడుతున్నాయన్న వాదనలో నిజం ఉంది. 2017లో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. దాని తర్వాత వచ్చిన పాసుపుస్తకాల్లో, 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణిలో ఆ గడి లేదు. 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి సీజన్‌కి 4000 రూపాయలు, ఆ తర్వాత 5000, పట్టాదారు ఖాతాలో పడింది. ఒక గడిని తీసెయ్యడం అన్నిటికంటే పెద్ద డీఫాల్ట్ అని నాకప్పుడు అర్థమైంది. మామ ముందు కనీసం ఒక 2 కనిపించేది, చెరిపి 1 కొట్టే అవకాశం ఉండేది. ఇక్కడ దున్నేది ఓనరే అనే జవాబు అసలు తెర మీదకే రాదు. తప్పని చూపించడానికి వేలు పెట్టే చోటు లేదు. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఆమె ఎప్పుడో వ్యవసాయం మానేసిందట.

ఇప్పుడు నేను రోజంతా ఫారాలు రాసే ఉద్యోగమే చేస్తున్నాను. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం, సమ్మతి అంటే మనిషి స్పష్టంగా ఏదో ఒకటి చేసి తెలిపేది అని చెప్పాక, మా టీమ్‌లో ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులన్నిటినీ వెతికి తీసేశారు. సంతోషం. కానీ ఆ వెతుకులాట వ్యక్తిగత డేటా వాడుకునే అనుమతి గడుల దగ్గరే ఆగింది. కడ్తా లాంటి గడులు అలాగే ఉన్నాయి. ఆ మధ్య ఒక ఫారం రివ్యూలో, మనిషి నష్టపోయే అవకాశం ఉన్న ప్రతి అంకె పక్కన ఇంకో కాలమ్ పెడదామన్నాను, ఆ అంకె మనిషి కొట్టిందా దానంతట అదే వచ్చిందా అని. "దీన్ని ఎవరు చూస్తారు?" అని అడిగింది మా ప్రోడక్ట్ మేనేజర్. మంచి ప్రశ్నే. ఎప్పుడో ఎవరో బిల్లు పట్టుకుని వస్తే అప్పుడు చూస్తాం అన్నాను. బ్యాక్‌లాగ్‌లో పెట్టారు.

మొన్న సంక్రాంతికి ఇంట్లో పాత పెన్‌డ్రైవ్‌లో ఆ యాక్సెస్ ఫైలు దొరికింది. తెరుచుకుంది. మొదటి పేజీలోనే 30-12-1899 నవ్వుతూ కనిపించింది. మామ ఇప్పుడు దుకాణం మానేశాడు, మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నాడు. లాప్‌టాప్ ముందేసుకుని, 2 తర్వాత 2 వచ్చిన పేర్లన్నీ ఒక్కొక్కటీ చదివి వినిపించాను. పక్కన ఒక కొత్త కాలమ్ పెట్టుకున్నాను. మామ కళ్ళు మూసుకుని వింటున్నాడు. కొందరికి వెంటనే "పచ్చిదే, గా దినం వాన పడ్డది" అన్నాడు. కొందరికి "ఎండుదే రా, ఆయన సరుకెన్నడు పచ్చిగ లేదు" అని, కాసేపు ఊరుకున్నాడు. ఒకాయన పేరు చదివితే "పోయిండు, కరోనాల" అన్నాడు, సరుకు సంగతి చెప్పలేదు. ఎక్కువమందికి "యాదిలేదు" అన్నాడు. పచ్చి, ఎండు, యాదిలేదు. మూడూ కొట్టుకుంటూ వెళ్ళాను, ప్రతి వరుసలో చేత్తోనే. మధ్యలో అత్తమ్మ చాయ్ తెచ్చి, ఇప్పుడు ఇదంతా దేనికి అని అడిగింది. మామ కళ్ళు తెరవకుండానే, "తర్వాత పేరు చదువు" అన్నాడు.